బేస్‌మెంట్‌లో రెండు గిటార్లు: ప్రాజెక్టు డైరీ

నవంబర్ చివర

పని ఏమిటో ముందు రాసి పెడుతున్నాను, తర్వాత మాట మార్చడానికి లేకుండా. రెండు గిటార్లతో జాజ్ వాయించాలి. డ్రమ్స్ ఉండవు, బేస్ (మంద్రంగా మోగే వాయిద్యం) ఉండదు, పాడేవాళ్లు ఉండరు. ఒక బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల పాటల్లోంచి వచ్చిన బాణీ), వీలైతే ఇంకొకటి. ఏప్రిల్‌లో ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో పిల్లల కూచిపూడికీ హాస్య నాటికకీ మధ్య ఆరు నిమిషాలు ఇస్తామన్నారు. వాయించేది నేను, మా బావగారు.

బావగారంటే మా అక్క భర్త. వాళ్లది న్యూజెర్సీలో ఎడిసన్, మాది ఫిలడెల్ఫియా శివారు. ఆయన చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు. ఇంజనీరింగ్ హాస్టల్లో గిటార్ పట్టుకున్నారు, అప్పట్నుంచీ దించలేదు. ఆయన స్ట్రమ్మింగ్ మొదలుపెడితే ఇంట్లో పిల్లాడి దగ్గర్నుంచి అత్తయ్య దాకా కాలు ఆడించాల్సిందే. జాజ్ మాత్రం ఆయనకి ఎక్కలేదు. "అది హోటల్ లాబీలో వేసే సంగీతం రా. ఎవరూ వినకూడదనే వేస్తారు" అంటారు.

నేను వాదన పెట్టుకోలేదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వాళ్లు వచ్చినప్పుడు పెరుగు అయిపోయిందని ఇద్దరం షాపుకి బయల్దేరాం. కారులో 1929 నాటి ఒక రికార్డు పెట్టాను. మూడు నిమిషాలకి అటూ ఇటూ ఉంటుంది. బావగారు సీటు బెల్టు పెట్టుకుంటూ విన్నారు, మధ్యలో ఆగిపోయారు.

"ఎంతమంది వాయిస్తున్నారు?"

"ఇద్దరే."

"కాదు, ముగ్గురున్నారు. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను. పార్కింగ్ లాట్‌లో ఇంజన్ ఆపకుండా ఇంకోసారి విన్నాం. ఆఖరికి ఆయన అడిగింది పైన మెరుపులా పరిగెడుతున్న గిటార్ గురించి కాదు. "ఆ వెనక వాయించేవాడు ఎవడ్రా?"

ప్రాజెక్టు అక్కడ మొదలైంది. పెరుగు మర్చిపోయాం.

డిసెంబర్ మొదటివారం

ఆ వెనక వాయించేవాడు ఎడీ లాంగ్. ముందున్నవాడు లానీ జాన్సన్. పాట పేరు 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రిఫ్స్'. 1928, 1929ల్లో న్యూయార్క్‌లో ఓకే అనే రికార్డుల కంపెనీకి వీళ్లిద్దరూ కొన్ని డ్యూయెట్లు రికార్డు చేశారు. జాజ్ గిటార్ జంటల కథ చెప్పాలంటే అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి.

ఆ రికార్డుల లేబుల్ మీద లాంగ్ పేరు ఉండదు. 'బ్లైండ్ విల్లీ డన్' అని ఉంటుంది. ఆయన గుడ్డివాడు కాదు, విల్లీ కాదు, డన్ కాదు. అసలు పేరు సాల్వటోర్ మస్సారో, ఇటాలియన్ కుటుంబం. జాన్సన్ నల్లజాతివాడు. అప్పట్లో నల్లవాళ్ల సంగీతాన్ని 'రేస్ రికార్డ్స్' పేరుతో వేరే వరసలో అమ్మేవారు. ఆ వరసలో తెల్లవాడి పేరు కనపడకూడదు, నల్లవాడూ తెల్లవాడూ పక్కపక్కన కూర్చుని వాయించారని తెలియకూడదు. అందుకని గుడ్డి బ్లూస్ గాయకుల పేర్లలా ధ్వనించే ఒక పేరు తగిలించారు. గదిలో ఇద్దరూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంటారు, కాగితం మీద మాత్రం ఒకడు మాయం.

ఈ సంగతి చెబితే బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత పేరున్నవాడు వెనకే ఎందుకు కూర్చున్నాడు?" అన్నారు.

మంచి ప్రశ్న. 1929 నాటికి న్యూయార్క్ స్టూడియోల్లో లాంగ్‌కి ఉన్న గిరాకీ ఇంకో గిటారిస్టుకి లేదు. అప్పటి పేరుమోసిన పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రాలో ఉన్నాడు, తర్వాత గాయకుడు బింగ్ క్రాస్బీకి ఆస్థాన గిటారిస్టు అయ్యాడు. అలాంటివాడు ఈ డ్యూయెట్లలో ఎక్కువ భాగం కింద కూర్చుని జాన్సన్‌కి దారి వేస్తాడు. కింద కూర్చోవడమంటే ఒకే స్ట్రమ్మింగ్ కొడుతూ పోవడం కాదు. ఒక బార్‌లో (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) బేస్ స్వరం మీద దిగుతాడు, తర్వాతి బార్‌లో కార్డ్ (కలిపి మోగే స్వరాల గుత్తి) తుంచి వదిలేస్తాడు, ఇంకోచోట రెండు బేస్ స్వరాలు కలిపి నడిపిస్తాడు. బావగారికి వినపడ్డ ఆ మూడోవాడు ఇతనే, లాంగ్ గిటార్‌లోని ఆ బేస్.

నాకు జాజ్ గిటార్ డ్యూయెట్ మీద ప్రేమ అంతా ఇక్కడే ఉంది. ముందు వాయించేవాణ్ణి ఎవరైనా వింటారు. వెనకవాణ్ణి వినడం మొదలుపెట్టాక ఆ సంగీతం ఇంకోలా ఉంటుంది. ఇద్దరూ పోటీపడి వేళ్ల వేగం చూపించే ఆల్బమ్‌లు కూడా బోలెడు ఉన్నాయి. ఒకసారి నోరు తెరిచి వింటాం, రెండోసారి పెట్టం.

డిసెంబర్, సెలవులకి ముందు

సౌత్ ఫిలడెల్ఫియా వెళ్లాం. 7వ వీధి, ఫిట్జ్‌వాటర్ వీధి కలిసే చోట గోడ మీద లాంగ్ బొమ్మ పెద్దది వేసి ఉంది. 1902లో పుట్టింది ఈ ఊళ్లోనే. చలికి చెవులు మొద్దుబారుతున్నా బావగారు గోడ ఎదురుగా నిలబడి గిటార్ పట్టుకున్న చెయ్యి ఎలా ఉందో చూస్తూ ఉండిపోయారు. అక్క కారులోంచి హారన్ కొట్టింది.

లాంగ్ మొదట నేర్చుకుంది వయొలిన్. బడిలో తోటివాడు జో వెనూటి, అతను కూడా వయొలిన్. పెద్దయ్యాక ఆ ఇద్దరి వయొలిన్-గిటార్ జంట జాజ్ చరిత్రలో ఒక అధ్యాయం. ఈ మాట చెప్పగానే బావగారి మొహం వెలిగింది. లానీ జాన్సన్ కూడా న్యూ ఆర్లీన్స్‌లో వాళ్ల కుటుంబ బృందంలో వయొలిన్ వాయించినవాడే అన్నాను. "అయితే ఇద్దరూ మా బ్యాచే!" అని నా వీపు మీద ఒక్కటిచ్చారు. అప్పట్నుంచి ప్రాజెక్టు ఆయన సొంతం అయిపోయింది.

లాంగ్ 1933లో టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పోయాడు. ముప్ఫై ఏళ్లు. జాన్సన్ చాలాకాలం బతికాడు, కానీ ఎలాగంటే, 1950ల చివర్లో ఇదే ఊళ్లో, ఈ గోడకి మైలు దూరం కూడా లేని బెంజమిన్ ఫ్రాంక్లిన్ హోటల్లో ఊడ్చే పని చేస్తూ. జాజ్ మహామహులు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో, డ్యూక్ ఎలింగ్టన్‌తో 1920ల్లో రికార్డులు చేసిన మనిషి. క్రిస్ ఆల్బర్ట్‌సన్ అనే రేడియో ఆయన వెతికి పట్టుకుని మళ్లీ స్టూడియోకి తీసుకెళ్లాడు. 1960లో చేసిన రికార్డుల్లో జాన్సన్ పక్కన ఇంకో గిటార్, ఎల్మర్ స్నోడెన్. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ పక్కపక్కన రెండు గిటార్లు.

జనవరి

పని.

ముందు ఒక గోల. శీతాకాలం హీటర్ వల్ల బేస్‌మెంట్ ఎండిపోయి గిటార్ల మెడలు వంకర తిరుగుతున్నాయి. హ్యుమిడిఫయర్ కొని గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉంచుతున్నాను. అక్క దాన్ని చూసి "మీ ఇద్దరి కంటే ఆ చెక్కలకి సేవ ఎక్కువైంది" అంది.

మేం తీసుకున్నది జీ స్కేల్లో 12 బార్ల బ్లూస్. మూడే కార్డులు: జీ 7, సీ 7, డీ 7 (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు). బావగారికి ఇవి కొట్టినపిండి. అక్కడే చిక్కు. ఆయన ఆరు స్ట్రింగులూ కలిపి నిండుగా వాయిస్తారు. పాటకి పక్కన అది పసందుగా ఉంటుంది. ఇక్కడ నేను పైన ఏం వాయించినా ఆ నిండుతనంలో మునిగిపోతోంది. ఆయన రెండో స్ట్రింగ్ మీద మోగుతున్న స్వరం, నేను వాయిస్తున్న స్వరం ఒకే చోట కొట్టుకుంటున్నాయి.

కాబట్టి ఆయన వాయింపులోంచి స్ట్రింగులు తీసేయడం మొదలుపెట్టాం. ముందు ఒకటో స్ట్రింగ్ (అన్నిటికంటే సన్నది), రెండో స్ట్రింగ్ తీసేశాం. తర్వాత ఐదోది. మిగిలినవి ఆరు, నాలుగు, మూడు. కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో పోయేదాకా ఇంచుమించు ఈ కొద్ది స్ట్రింగుల మీదే బతికాడు. అంతమంది ట్రంపెట్లూ సాక్సఫోన్ల మధ్య మైక్ లేని గిటార్‌తో. సోలో వాయించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బార్‌కి నాలుగు దెబ్బలు, అంతే.

తర్వాత ఆరో స్ట్రింగ్ కూడా తీసేయమన్నాను. బావగారు పిక్ (తీగలు మీటే చిన్న పలక) కింద పెట్టేశారు.

"రెండు స్ట్రింగులా? దీనికి నేనెందుకురా, రబ్బరు బ్యాండు చాలదూ?"

"ఒక్కసారి చూడండి బావా."

నాలుగో స్ట్రింగ్ 3వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు), మూడో స్ట్రింగ్ 4వ ఫ్రెట్. ఈ రెండూ ఎఫ్, బీ. జీ 7కి ప్రాణం ఈ రెండు స్వరాల్లోనే ఉంది. జీ అన్నది వాయించకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది. ఇప్పుడు ఆ రెండు వేళ్లనీ అలాగే ఉంచి ఒక ఫ్రెట్ వెనక్కి జరపండి: ఈ, బీ ఫ్లాట్. అది సీ 7. మొదటి చోటు నుంచి ఒక ఫ్రెట్ ముందుకి జరపండి: ఎఫ్ షార్ప్, సీ. అది డీ 7. మొత్తం బ్లూస్ అయిపోయింది. రెండు వేళ్లు, మూడు ఫ్రెట్ల మేర.

బావగారు అటూ ఇటూ జరిపి చూశారు. మళ్లీ చూశారు. ఇంజనీరు కదా, ఇదెలా కుదిరిందని అడిగారు. జీ 7లో జీ నుంచి లెక్కపెడితే మూడో స్వరం బీ, ఏడో స్వరం ఎఫ్. సీ 7లో మూడోది ఈ, ఏడోది బీ ఫ్లాట్. కార్డు మారినప్పుడు మూడోదిగా ఉన్న వేలు జారి ఏడోది అవుతుంది, ఏడోదిగా ఉన్నది జారి మూడోది అవుతుంది. కుర్చీలు మార్చుకుంటాయి, ఇల్లు కదలదు.

ఆ సాయంత్రం టీ చల్లారిపోయేదాకా ఆయన ఆ రెండు వేళ్లే వాయించారు. స్ట్రింగులు తగ్గేకొద్దీ ఎక్కడ వాయించాలి, ఎక్కడ ఊరుకోవాలి అనే ఆలోచన పెరుగుతోందని ఆయన మొహంలోనే కనపడుతోంది. రెండో బీట్ మీద పొట్టిగా ఒకటి. తర్వాత ఒక బార్ మొత్తం ఖాళీ. తర్వాతి బార్ మొదలుకి కాస్త ముందే ఒక దెబ్బ. పైన నేను వాయిస్తున్న మామూలు లైన్ ఆ ఖాళీల వల్ల ఏదో గొప్పదిలా వినిపించింది.

ఫిబ్రవరి

ఒకే రకం వాయిద్యాలు రెండు. చిక్కంతా ఇందులోనే, అందమూ ఇందులోనే. పియానో, బేస్ అయితే ఎవరి ఇలాకా వాళ్లకి ముందే ఉంటుంది. రెండు గిటార్లకి అది వాయించేవాళ్లే గీసుకోవాలి.

పాతవాళ్లు ఒక్కో జంట ఒక్కో దారి పట్టారు. కార్ల్ క్రెస్ అనే ఆయన గిటార్ ట్యూనింగే మార్చేసుకున్నాడు: కింద నుంచి బీ ఫ్లాట్, ఎఫ్, సీ, జీ, ఏ, డీ. బాంజో నుంచి వచ్చినవాడు, ఐదేసి స్వరాల దూరంలో స్ట్రింగులు ఉండటం అలవాటు. మామూలు గిటార్‌లో లేని మంద్రం వచ్చింది, కార్డులు వెడల్పుగా పరుచుకున్నాయి. 1932లో లాంగ్‌తో, 1934లో డిక్ మెక్‌డోనోతో ఆయన చేసిన డ్యూయెట్లు వింటే ఇద్దరి మధ్య నేల ఎంత శుభ్రంగా పంచుకున్నారో తెలుస్తుంది. 'స్టేజ్ ఫ్రైట్' అనే దాంట్లో గిటార్లు చోట్లు మార్చుకుంటాయి, ఎక్కడా అతుకు కనపడదు. క్రెస్ ఆ తర్వాత 1960ల్లో జార్జ్ బార్న్స్‌తో జత కట్టాడు. 1965లో క్రెస్ పోయాక బార్న్స్ పక్కకి బకీ పిజరెల్లీ వచ్చాడు, ఏడు స్ట్రింగుల గిటార్‌తో. ఆ ఏడోది 55 హెర్ట్జ్ ఏ. మామూలు గిటార్ ఆరో స్ట్రింగ్ 82 దగ్గర ఆగుతుంది (అంకె తగ్గేకొద్దీ మంద్రం). ఆ తేడాలో బేస్ వాయించేవాడి జీతం మిగిలిపోయింది.

మాకు కొత్త ట్యూనింగ్ వద్దు, ఏడో స్ట్రింగ్ లేదు. తెల్ల బోర్డు మీద గిటార్ మెడ బొమ్మ గీసి మధ్యలో అడ్డంగా గీత పెట్టాం. 5వ ఫ్రెట్ దాకా ఆయనది, 8వ ఫ్రెట్ దాటాక నాది. మధ్యలో మూడు ఫ్రెట్లు ఎవరిదీ కాదు. బావగారు ఆ మధ్య భాగానికి 'పోరంబోకు' అని పేరు పెట్టారు. ఇద్దర్లో ఎవరైనా అందులోకి వస్తే రెండోవాళ్లు తప్పుకోవాలి.

గొంతులు వేరు చెయ్యడం రెండో పని. బావగారిది పెద్ద పొట్ట ఉన్న అకూస్టిక్. స్వరం చాలాసేపు మోగుతుంది. నాది పాత ఆర్చ్‌టాప్, వయొలిన్‌లాగా పైచెక్క ఉబ్బెత్తుగా ఉండి ఎఫ్ ఆకారంలో రంధ్రాలుంటాయి. దాంట్లో స్వరం టక్కున పుట్టి త్వరగా పోతుంది. న్యాయంగా చూస్తే వెనక వాయించేవాడికి ఆర్చ్‌టాప్ ఉండాలి, కార్డులు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా. లాంగ్ వాయించింది గిబ్సన్ ఎల్-5, ఆ కోవ గిటార్లన్నిటికీ పెద్దన్న. కాబట్టి గిటార్లు మార్చుకున్నాం. నాకు ప్రాణం ఉసూరుమంది కానీ ఒక్క కోరస్ (12 బార్ల చుట్టు ఒకసారి) అయ్యేసరికి తేలిపోయింది. ఆయన కొట్టిన ప్రతి దెబ్బా చెక్క మీద సుత్తిలా విడివిడిగా వినపడింది. నా లైన్లకి ఆయన గిటార్ లోతు వచ్చింది.

ఇంకో చిట్కా గిటారిస్టు హెర్బ్ ఎల్లిస్ నుంచి. ఎల్లిస్ వాయించిన పియానిస్టు ఆస్కర్ పీటర్సన్ ట్రియోలో 1950ల్లో డ్రమ్స్ ఉండేవి కాదు. ఎల్లిస్ స్ట్రింగులు చేత్తో నొక్కిపెట్టి గిటార్ మీద తట్టి డ్రమ్స్ లోటు తీర్చేవాడు. తర్వాత 1974లో ఇంకో గిటారిస్టు జో పాస్‌తో చేసిన డ్యూయెట్ ఆల్బమ్‌లో వింటే, తాళం ఎవరు పట్టుకున్నారని వెతుక్కోనక్కర్లేదు, ఇద్దరి ఒంట్లోనూ ఉంది. బావగారికి ఈ తట్టడం వెంటనే పట్టుబడింది. మృదంగం వినీ వినీ పెరిగిన చెయ్యి.

ఫిబ్రవరి, మంచు పడ్డ శనివారం

రోడ్లు మూసేశారు, వాళ్లు రాత్రికి ఇక్కడే ఉండిపోయారు. అందువల్ల పొద్దుపోయేదాకా కూర్చున్నాం.

ఈ రోజు ముఖ్యమైన సంగతి ఒకటి. బావగారు నేను వాయించిన ప్రతి ముక్కనీ వెంటనే కాస్త కింద నుంచి తిరిగి వాయిస్తున్నారు. కచేరీలో గాయకుడు రాగం ఎత్తుకుంటే వయొలిన్ నీడలా వెంట పోతుంది కదా, ఆ శిక్షణ. పక్కవాద్యం చెయ్యాల్సిన పద్ధతి అది, దాంట్లో వంక పెట్టడానికి లేదు. కానీ ఇక్కడ అలా చేస్తే నేను వదిలిన ఖాళీలన్నీ నా మాటలతోనే నిండిపోతున్నాయి.

"బావా, నేను అన్నదే మీరు అనకండి. నేను అననిది అనండి."

"ఏమనాలి?"

"మీ ఇష్టం. ఏమీ అనకపోయినా ఫర్వాలేదు."

ఆయనకి గిటారిస్టు జిమ్ హాల్‌ని వినిపించాను. పియానిస్టు బిల్ ఎవాన్స్‌తో 1962లో వచ్చిన 'అండర్‌కరెంట్'. అందులో వేగంగా నడిచే పాటలో ఎవాన్స్ సోలో వాయిస్తుంటే హాల్ బార్‌కి నాలుగు దెబ్బలతో వెనక పడతాడు. చెక్క మీద పిక్ గీరుతున్న చప్పుడే ఎక్కువ, స్వరాలు తక్కువ. డ్రమ్స్ లేని లోటు తెలియదు. తర్వాత గిటారిస్టు ప్యాట్ మెథెనీతో చేసి 1999లో విడుదలైన డ్యూయెట్లు. అప్పటికి హాల్‌కి దాదాపు డెబ్బై ఏళ్లు. మెథెనీకి ఆయన గురుస్థానం. శిష్యుడు వరదలా వస్తుంటే ఈయన ఒక్క స్వరం పెట్టి ఊరుకుంటాడు. ఆ ఒక్క స్వరంతో వరద దిక్కు మారుతుంది.

బావగారు విని, "ఈయన చాలా పొగరుబోతు రా" అన్నారు మెచ్చుకోలుగా.

ఆ పాత అలవాటు పూర్తిగా మానాల్సిన పని కూడా లేదు. నాలుగేసి బార్లు పంచుకుని ఒకరి తర్వాత ఒకరు వాయించే చోట అది అమృతం. నేను నాలుగు బార్లు వాయిస్తే ఆయన నా చివరి ముక్కని అందుకుని మెలితిప్పి తన నాలుగు బార్లు కడతారు. 12 బార్ల బ్లూస్‌లో దీనికి ఒక మజా ఉంది. పన్నెండుని నాలుగేసి చొప్పున పంచితే మూడు వాటాలు వస్తాయి. మొదటి కోరస్‌లో నేను, ఆయన, నేను. రెండోదానిలో ఆయన, నేను, ఆయన. ముగింపుకి వచ్చే డీ 7 మలుపు ఒకసారి నాకు, ఒకసారి ఆయనకి దక్కుతుంది. 32 బార్ల పాటైతే ఎనిమిది వాటాలు, ఎవరి చోటు వాళ్లకే ప్రతిసారీ. అందుకే డ్యూయెట్‌కి బ్లూస్ ఇంత కమ్మగా కుదురుతుందని నా నమ్మకం.

తన వాటాలో బావగారు మోహనం ఎత్తుకున్నారు. జీ ఆధారంగా జీ, ఏ, బీ, డీ, ఈ. బ్లూస్ వాళ్లు రోజూ వాడే ఐదు స్వరాలే అవి. బీ మీదకి వచ్చేటప్పుడు బీ ఫ్లాట్ నుంచి జారుతూ వచ్చారు. ఆయనకి అది గమకం, మిసిసిపీ వాళ్లకి బ్లూ నోట్. నేను వెనక వాయిస్తూ ఒక దెబ్బ తినేశాను, వింటూ ఉండిపోయి.

మార్చి

టెంపో. డ్రమ్స్ లేకపోతే ఇద్దరూ ఒకర్నొకరు తోసుకుంటూ పరిగెత్తడం మొదలవుతుంది. మెట్రోనోమ్‌ని 60 మీద పెట్టి, ఆ టిక్కు రెండో బీట్, నాలుగో బీట్ అనుకుని 120లో వాయిస్తున్నాం. మొదటి బీట్ ఎక్కడుందో మనమే మోయాలి. బావగారు కాలితో తాళం వెయ్యబోతే ఆ కాలు ఒకటి, మూడు మీదే పడుతుంది. చెప్పులు విప్పించి చాప మీద కూర్చోబెట్టాను. చాప మీద కాలు ఆడదు.

రికార్డింగ్. మొదట రెండు మైకులు పెట్టి విడివిడి ట్రాకులు తీశాం. ఎడమ చెవిలో ఆయన, కుడి చెవిలో నేను. స్పష్టంగా ఉంది, జీవం లేదు. ఇద్దరు మనుషులు రెండు ఊళ్లలో కూర్చున్నట్టుంది. తర్వాత ఒకే మైక్ మధ్యలో పెట్టి, 1929లోలాగా, ఎవరి గొంతు ఎక్కువైతే వాళ్ల కుర్చీ వెనక్కి జరిపాం. అప్పట్లో మిక్సింగ్ అంటే ఇదే. ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలన్నది. ట్రాకులు విడదీసి తర్వాత సర్దుకునే వీలు లేదు, రికార్డు సైడుకి మూడు నిమిషాలు పెద్దగా దాటే వీలూ లేదు. ఒకరు దారి తప్పితే ఇద్దరూ మొదట్నుంచీ వాయించాలి.

ఒక మైక్ రికార్డింగులో ఒక విచిత్రం. నేను సోలో వాయిస్తూ ఊపిరి కోసం ఆగిన చోట ఆయన కూడా ఆగారు. ఒక బార్ మొత్తం ఏమీ లేదు. మెట్రోనోమ్ కూడా లేదు. కానీ తాళం నడుస్తూనే ఉంది, తర్వాతి బార్ మీద ఇద్దరం ఒకేసారి దిగాం. ముందు అనుకున్నది కాదు. అక్క పైనుంచి కేకేసింది: "ఇప్పుడు బాగుంది, అంతకుముందు ఏదో లెక్కలు చేస్తున్నట్టుంది."

రెండో పాట వదిలేస్తున్నాం. ఆరు నిమిషాలకీ ఒక్క బ్లూస్ చాలు.

ఏప్రిల్, కార్యక్రమం మర్నాడు

సౌండ్ చూసే కుర్రాడు ముందే వచ్చి, "అంకుల్, మీ కరోకే ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో ఉందా?" అని అడిగాడు. ట్రాక్ లేదంటే నమ్మలేదు. ఒక్క మైక్ చాలంటే అసలే నమ్మలేదు. స్టేజి మధ్య రెండు మడత కుర్చీలు ఎదురెదురుగా కాస్త వారగా వేయించుకున్నాం, ఒకరి ఎడమచెయ్యి ఇంకొకరికి కనపడేలా. మాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. బావగారి వేళ్లు ఏ ఫ్రెట్ వైపు బయల్దేరాయో చూస్తే అర బీట్ ముందే తెలిసిపోతుంది.

మొదటి కోరస్ హాలు మాటల్లో ఉంది. పులిహోర ప్లేట్లు, పిల్లల అరుపులు. బావగారు గొంతు పెంచలేదు, తగ్గించారు. రెండు వేళ్లు, రెండు స్ట్రింగులు, అదీ బార్‌కి ఒక్క దెబ్బ. ముందు వరసలు సర్దుకున్నాయి. నాలుగేసి బార్ల పంపకం దగ్గరికి వచ్చేసరికి ఎవరో మధ్యవరసలో తొడ మీద తాళం వేస్తున్నారు, ఆదితాళం లెక్కన, బానే కలిసింది. బావగారు మోహనంలోకి దిగగానే ఒక పెద్దాయన "భళా!" అన్నారు. ఆ 'భళా' నాకే తగిలినంత సంతోషంగా ఉంది. నేనప్పుడు వెనక వాయిస్తున్నాను.

అయ్యాక ఒకావిడ వచ్చి చాలా బాగుందన్నారు. "కానీ బాబూ, పాట ఎప్పుడు మొదలెడతారా అని చూస్తున్నా, ఇంతలో అయిపోయింది" అన్నారు. అబద్ధం కాదు.

మే నుంచి చెయ్యాల్సినవి

బావగారు ఇక ముందు వాయిస్తారు, నేను వెనక. ఇది ఆయన కోరిక కాదు, నాది. లాంగ్ పక్క భాగం ఒక్కటే ఏ వేగం తగ్గించే యాప్‌లోనో పెట్టి చెవితో దింపుకోవాలి. ఆ రెండు బేస్ స్వరాలు కలిపి నడిపే చోట ఆయన ఏ వేళ్లు వాడాడో ఇంకా అంతు చిక్కలేదు, బొటనవేలు పైనుంచి వచ్చిందని అనుమానం.

ఆర్చ్‌టాప్ ఆయన దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇమ్మంటే "ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగులు ఆర్డర్ పెట్టానురా, అవి వచ్చాక చూద్దాం" అంటున్నారు.